ద్రాక్షారసం మాస్టారు

బొడేగా బే, కాలిఫోర్నియా
13 సెప్టెంబరు 1984, గురువారం

మహారాజశ్రీ 'కొత్తగొంతు' మాసపత్రిక మాజీ సంపాదకులు శ్యామసుందరం గారి సముఖానికి,

ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత మీకు ఉత్తరం రాస్తున్నాను. కంగారు పడకండి, క్షేమ సమాచారాల కోసం కాదు. మీ క్షేమంతో నాకు పనిలేదనీ, నా క్షేమంతో మీకు పనిలేదనీ 1955 జూన్‌లోనే తేలిపోయింది. ఒకప్పుడు మనం ఒరే అంటే ఒరే అనుకున్నవాళ్ళమే. అయినా ఇప్పుడు మీరు అనే రాస్తాను. తిట్టదలచుకున్న మనిషిని మీరు అనడంలో ఒక సుఖం ఉంది.

విషయం ఏమిటంటే, నేను ఆత్మకథ రాశాను. నాలుగు వందల పన్నెండు పేజీలు. విజయవాడలో నరసింహ గారి ప్రెస్సులో అచ్చవుతోంది. అందులో పదకొండో అధ్యాయం, పందొమ్మిది పేజీలు, అచ్చంగా మీ మీద. దాని పేరు 'మిత్రద్రోహి'. అది వచ్చే నెల అచ్చుకెక్కుతుంది. చెప్పి కొట్టడం నా పద్ధతి. మీరు నాకు ఆపాటి మర్యాద కూడా చెయ్యలేదని మీకు గుర్తుచెయ్యడం కూడా ఈ ఉత్తరం ఉద్దేశాల్లో ఒకటి.

నేనిప్పుడు ఏం చేస్తున్నానో మీకు ఎవరూ చెప్పి ఉండరు. పదిహేనేళ్ళుగా ఇక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో తెలుగు పుస్తకాలకు కేటలాగు కార్డులు రాస్తున్నాను. మీరందరూ అచ్చేసుకున్న ప్రతి పుస్తకమూ ఓడెక్కి చివరికి నా బల్ల మీదికే వచ్చింది. సముద్రాలు దాటినా మీ కవిత్వాలు నన్ను వదల్లేదు. ఈ నెలాఖరుకి రిటైరవుతున్నాను. అక్కడ రేణు అని ఒక అమ్మాయి పనిచేస్తుంది. ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల. నేను ఇన్నేళ్ళలో లలితని ఎక్కడికీ తిప్పలేదని విని, తనే ఒక ప్రయాణం ఏర్పాటు చేసింది.

"అంకుల్, అంతా బుక్ చేశాను. సముద్రం పక్కన రోడ్, తర్వాత వైన్ కంట్రీలో చిన్న టౌన్. మీరు ఆంటీని తీస్కెళ్ళాలి. చాలా రొమాంటిక్ ఉంటది" అంది.

అరవై మూడేళ్ళవాడితో ఈ మాట అనడానికి గుండెధైర్యం కావాలి. అదీగాక తీసుకెళ్ళేది నేను కాదు. మా ఇంట్లో కారు లలిత నడుపుతుంది. యాభై రెండో ఏట నేర్చుకుని మొదటి పరీక్షలోనే పాసైంది. నేను మూడుసార్లు తప్పాను. మూడోసారి పరీక్షాధికారి అడిగిన ప్రశ్నలో ఇంగ్లీషు తప్పు ఉంటే దిద్దాను. ఆయన దాన్ని మనసులో పెట్టుకున్నాడు. అంచేత స్టీరింగు ఆవిడ చేతిలో, మ్యాపు నా ఒళ్ళో. ఈ రోడ్డు కొండ అంచున పాకుతుంది. ఎడమ పక్క కిందికి చూస్తే నేరుగా పసిఫిక్ మహాసముద్రం. ప్రతి మలుపులోనూ నేను తలుపు పిడి పట్టుకుంటున్నాను. లలిత ఏదో కూనిరాగం తీస్తూ, మధ్యలో నన్ను ఊపిరి తీసుకోమని హెచ్చరిస్తూ నడిపింది.

మధ్యాహ్నం ఒక బీచిలో ఆగి పెరుగన్నం తిన్నాం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే అలల చప్పుడు వినిపిస్తోంది గానీ అలలు కనపడవు. ఒక సముద్రపు పక్షి నా చేతిలోంచి మాగాయ టెంకని ఎత్తుకెళ్ళి, నాలుగు గజాలు పోయి, ఉమ్మేసి, నా వంక అసహ్యంగా చూసింది. వెంటనే మీరు గుర్తొచ్చారు. విమర్శకుల జాతి అన్ని దేశాల్లోనూ ఒకటే.

ఇక అసలు సంగతి. మీరు మరిచిపోయినా నేను మరిచిపోలేదు. ఆ ఫ్రెంచి నవలను ఇంగ్లీషు నుంచి మూడేళ్ళు కూర్చుని తెలుగు చేశాను. పగలు కాలేజీలో పాఠం, సాయంత్రం అనువాదం. నా రాత చీమలు పాకినట్టుంటుందని లలిత మొత్తం రెండుసార్లు సాపు రాసింది. పుస్తకం వచ్చిన నెలకే మీ పత్రికలో సమీక్ష. కింద పేరు లేదు, 'ఒక చదువరి' అని సంతకం. రెండు పేజీలు. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అన్నిటికీ మించి ఇది:

'ప్రభువుగారు నాలుగు గ్లాసుల ద్రాక్షారసం పుచ్చుకుని మెట్ల మీంచి దొర్లిపడ్డారని అనువాదకులు సెలవిచ్చారు. మా ఊళ్ళో నాలుగు గ్లాసుల ద్రాక్షారసం తాగినవాడు మహా అయితే రెండుసార్లు పెరట్లోకి వెళ్ళివస్తాడు.'

ఊరంతా నవ్వింది. బందరులో ఏ కిళ్ళీకొట్టు దగ్గరైనా ఇదే మాట. కాలేజీలో నా పేరు ద్రాక్షారసం మాస్టారుగా స్థిరపడింది. ఒకరోజు క్లాసులోకి వెళ్ళేసరికి బల్ల మీద ద్రాక్షగుత్తి, పక్కన 'తమరు తూలకుండా పుచ్చుకోవలెను' అని చీటీ. గుంటూరు చర్చిల్లో వందేళ్ళుగా వైన్‌ని ద్రాక్షారసం అనే అంటున్నారయ్యా అని ఎంతమందికి చెప్పాను? నవ్వేవాడికి ఆధారాలు అక్కర్లేదు.

నేను మీ ఆఫీసుకి వచ్చి, ఇది ఎవరు రాశారో చెప్పమన్నాను. మీరు ప్రూఫులు దిద్దుతూ తల ఎత్తకుండా, "నేనే రాశాననుకో" అన్నారు. అంతే. క్షమాపణ లేదు, వివరణ లేదు. ఆరేళ్ళు ఒకే కంచంలో తిన్నంత స్నేహాన్ని మూడు ముక్కల్లో తేల్చేశారు. ఆ తర్వాత నేను ఒక్క పేజీ కూడా అనువదించలేదు. ఒక మనిషి చేత కలం కింద పెట్టించడం ఎంత సులువో మీకు తెలిసింది.

రేపు మేము వెళ్ళే ఊరు వైన్ తయారుచేసేవాళ్ళ ఊరు. నా అధ్యాయానికి ఆఖరి పేరా అక్కడ దొరుకుతుందని నా నమ్మకం. ఈ ఉత్తరం పొద్దున్నే నా చేత్తో నేనే డబ్బాలో వేస్తాను.

ఇట్లు,
మీ దయవల్ల అనువాదకుడు కాకుండా పోయిన
భీమశంకరం


హీల్డ్స్‌బర్గ్
14 సెప్టెంబరు, శుక్రవారం సాయంత్రం

ఓడిపోయిన శ్యామసుందరం గారికి,

గెలిచాను. ఎలాగో వినండి.

పొద్దున్న బయల్దేరి, నది సముద్రంలో కలిసేచోట ఇసుక మేట మీద వందల సీల్ జంతువులు పొర్లుతుంటే చూసి, అక్కడి నుంచి లోపలికి తిరిగాం. పది మైళ్ళు పోయేసరికి మంచు తెరలా తొలగిపోయి ఎండ కాసింది. ఆకాశాన్నంటే చెట్ల నీడల్లోంచి బయటపడితే కొండ వాలంతా ద్రాక్షతోటలే. ఊరు చిన్నది. మధ్యలో నాలుగు వైపులా రోడ్లున్న పార్కు, అందులో బెంచీలు, బెంచీల మీద పనీపాటా లేని ముసలివాళ్ళు. నాకు చాలా నచ్చింది.

రేణు బుక్ చేసిన గది చూసి లలిత గుమ్మంలోనే ఆగిపోయింది. మంచం మీద గులాబీ రంగు దుప్పటి, దాని మీద హృదయాకారపు దిండు, దిండు మీద 'కొత్త దంపతులకు శుభాకాంక్షలు' అని కార్డు. హోటలావిడ మమ్మల్ని చూసి, పేర్లు మళ్ళీ అడిగి, పుస్తకంలో చూసి, నవ్వాపుకోలేక లోపలికెళ్ళింది. లలిత ఆ దిండు ఎత్తి బీరువాలో పెడుతూ, "దీన్ని చూస్తూ మీరు పదకొండో అధ్యాయం చదివితే బాగుండదు" అంది.

మధ్యాహ్నం ఊరి చివర ఒక వైన్ తయారీశాలకి నడిచి వెళ్ళాం. గ్వీదో అని డెబ్భై దాటిన ఇటాలియన్ పెద్దాయనది. పంట కోతల కాలం కదా, ఆవరణంతా బుట్టలు, కందిరీగలు, పులిసిన తీపి వాసన. ఆయన చేతులు మోచేతుల దాకా ఊదారంగు. ఒక పెద్ద చెక్క తొట్టి మీద వంగి, లోపల బుడగలు కక్కుతున్న ద్రవాన్ని గరిటెతో తీసి వాసన చూసి, అవతల ఉన్న కూతురితో ఏదో కేకేశాడు. ఒక్క మాట నా చెవిలో పడింది. జ్యూస్.

దగ్గరికెళ్ళి, అది ఇంకా పులియలేదా అని అడిగాను. వారం నుంచి పులుస్తోంది, ఇప్పుడు తాగితే నిన్ను ఎవరైనా మోసుకెళ్ళాలి అన్నాడు. మరి జ్యూస్ అన్నారేమిటి అన్నాను. ఆయనకి నా ప్రశ్న అర్థం కాలేదు. మేం ఎప్పుడూ జ్యూసే అంటాం, మా నాన్న అలాగే అనేవాడు, పీపాలో ఏళ్ళతరబడి ఉన్నదాన్ని కూడా మంచి జ్యూస్ అంటాం అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాను. చెప్పాడు. మూడోసారి చెప్పమంటే కూతురిని పిలిచాడు. ఆ అమ్మాయీ అదే మాట చెప్పింది.

శ్యామసుందరం గారూ, జ్యూస్ అంటే ఏమిటండీ? రసం. వైన్ చేసేవాడు, వాడి తండ్రి, వాడి కూతురు, మూడు తరాలు దాన్ని ద్రాక్షారసం అంటుంటే, బందరులో కూర్చుని జీవితంలో ద్రాక్షతోట చూడని మీరు నన్ను వెక్కిరించారు. ఆ పెద్దాయన చేత ఒక కాగితం మీద రాయించుకున్నాను. 'మేము దీనిని జ్యూస్ అంటాము' అని రాసి సంతకం పెట్టాడు. పక్కన ఊదారంగు వేలిముద్ర కూడా పడింది. ఇది నా పుస్తకంలో ఫోటో వేయిస్తాను.

తర్వాత గ్లాసుల్లో పోసి ఇచ్చారు. మీకొక రహస్యం చెబుతాను, ఎలాగూ గెలిచాను కాబట్టి. అంత పుస్తకం అనువదించిన నేను ఇవాళ్టి దాకా ఒక్క చుక్క వైన్ రుచి చూడలేదు. ఒక గుక్క తాగాను. ఇనుప మేకు నానబెట్టిన చింతపండు నీళ్ళలా ఉంది. లలిత తన గ్లాసు నెమ్మదిగా ఖాళీ చేసి, నాది కూడా తీసుకుని ఖాళీ చేసింది. ముఖం కొద్దిగా ఎర్రబడింది. నా కాగితం ఒకసారి ఇమ్మని తీసుకుని, చాలాసేపు చదివి, మడిచి తిరిగిచ్చింది. ఏమీ అనలేదు. నలభై ఏళ్ళలో నేను గెలిచిన ఒకే ఒక్క రోజున కట్టుకున్నావిడ ఇంత నిశ్శబ్దంగా ఉండటం నాకు కొంచెం వెలితిగానే ఉంది. అలవాటు లేని పానీయం కదా, తలనొప్పి అయ్యుంటుంది.

రేపు ఒక పేజీ కొత్తగా రాసి నరసింహ గారికి పంపుతాను. పందొమ్మిది పేజీలు ఇరవై అవుతాయి. ఈ ఉత్తరం లలితకిచ్చి పోస్టు చెయ్యమంటున్నాను.

ఇట్లు,
విజేత
భీమశంకరం


హీల్డ్స్‌బర్గ్
16 సెప్టెంబరు, ఆదివారం

ఒరే శ్యామూ,

మొదటి ఉత్తరం పోస్టులో వేసేశాను, వెనక్కి రాదు. అదీ ఇదీ ఒకేసారి నీకు చేరితే దీన్నే ముందు చదువు. రెండోది లలిత పోస్టు చెయ్యలేదు, నిన్న నా చేతిలో పెట్టింది. చించేద్దామనుకున్నాను. కానీ నేను ఎంత వెధవనో నీ దగ్గర పూర్తి ఆధారాలుండటం న్యాయం. అందుకే దీనితో కలిపి పంపుతున్నాను.

నిన్న మధ్యాహ్నం ద్రాక్షతోటల మధ్య రోడ్డు మీద వెళ్తున్నాం. నేను కొత్త పేజీ ఎలా మొదలుపెట్టాలా అని పైకే ఆలోచిస్తున్నాను. లలిత చాలాసేపు విని, ఆ పెద్దాయన మాట అబద్ధం కాదంది. "కానీ ఏవండీ, ఆయన సీసా మీద జ్యూస్ అని అచ్చేశాడా?"

లేదన్నాను.

"పనివాళ్ళు తొట్టి దగ్గర వాళ్ళల్లో వాళ్ళు అనుకునే మాట అది. సీసా మీద వైన్ అనే ఉంది. మీరు పుస్తకంలో అచ్చేశారు కదా."

నాకు ఒళ్ళు మండింది. ఆ సమీక్షకుడిలాగే మాట్లాడుతున్నావేమిటన్నాను. అందులో రాసినదాంట్లో తప్పేముందంటూ ఆవిడ ఉన్నట్టుండి ఒక వాక్యం అప్పజెప్పింది: "'మాట కోసం మూడు నిఘంటువులు తిరగేసిన అనువాదకులు, పక్కగదిలోని మనిషిని ఒక్కసారి అడిగి ఉంటే సరిపోయేది.' ఇది నిజమా కాదా?"

నీకు తెలుసు, ఆ సమీక్ష నాకు కామాలతో సహా వచ్చు. ఇరవై తొమ్మిదేళ్ళుగా జపం చేశాను.

"ఆ వాక్యం అందులో లేదు" అన్నాను.

కారు అరమైలు పోయింది. నేను ఆవిడ ముఖంలోకి చూస్తున్నాను, ఆవిడ రోడ్డు చూస్తోంది.

"ఉండేది" అంది. "శ్యామసుందరం గారు కొట్టేశారు."

కారాపమన్నాను. దిగి, తలుపు వేసి, ఊరి వైపు నడవడం మొదలుపెట్టాను. ఊరు నాలుగు మైళ్ళు. కాళ్ళకి ఆఫీసు బూట్లు. ఆవిడ కారు తిప్పి, నా పక్కనే, నా నడక వేగంతో, కిటికీ దించి నడుపుతూ వచ్చింది. ఎండగా ఉంది, ఎక్కండి అంటుంది. ఎక్కనంటాను. పదడుగులు. బూట్లు కరుస్తాయి, ఎక్కండి. ఎక్కను. ఇలా ఒక ఫర్లాంగు నడిచాక ఒక ట్రక్కు వచ్చి ఆగింది. టోపీ పెట్టుకున్న రైతు తల బయటపెట్టి నన్ను అనుమానంగా చూసి, అమ్మా, ఈ ముసలాయన మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నాడా అని అడిగాడు. లలిత, చక్కటి ఇంగ్లీషులో, నలభై ఏళ్ళుగా పెడుతున్నాడంది. వాడు పగలబడి నవ్వి వెళ్ళిపోయాడు. నవ్వకూడదని పళ్ళు బిగబట్టాను గానీ ఆపలేకపోయాను. నవ్వితే నడక సాగదు. ఒక తోట గట్టు మీద కూలబడ్డాను. ఆవిడ కారు ఆపి వచ్చి పక్కన కూర్చుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

అప్పుడు అంతా చెప్పింది. నీకు తెలిసిందే, కానీ నా వైపు నుంచి ఒకసారి విను.

రెండోసారి సాపు రాస్తున్నప్పుడు, ఆ విందు ఘట్టం దగ్గర, ఇక్కడ ద్రాక్షారసం బాగాలేదు, ద్రాక్ష సారా అంటే తాగి పడ్డాడంటే నమ్ముతారు అని ఆవిడ నాతో అందట. నేను, ప్రభువులు సారా తాగుతారా అని నవ్వానట. అంతటితో ఊరుకోలేదట. "చారుకీ రసానికీ తేడా తెలియనివాళ్ళు సాహిత్యంలో వేలుపెట్టకూడదు అన్నారు" అని చెప్పింది. అప్పుడు లోపల అతిథిగా నువ్వు కూడా ఉన్నావట, నువ్వు వినలేదనుకుంటానంది.

"అన్నానా?"

"అన్నారు. నేను అప్పటికి మూడువందలవ పేజీ రాస్తున్నాను. వేలు కాయ కాచింది. కాయ కాచిన వేలు పెట్టకపోతే ఇంకే వేలు పెట్టాలో నాకు తెలియలేదు."

నాకు గుర్తులేదురా. అదే నన్ను పొడుస్తోంది. నన్నన్న మాటలు కామాలతో సహా కంఠతా పట్టినవాణ్ణి, నేనన్న ఆ ఒక్క మాట గుర్తే లేదు.

ఆవిడ కసికొద్దీ రెండు పేజీలు రాసి నీ పత్రికకి పోస్టులో పంపింది. మర్నాడు నేను కాలేజీలో ఉన్నప్పుడు నువ్వు సైకిలు మీద వచ్చి, గేటు బయటే నిలబడి, "చేతిరాత మార్చడం మరిచిపోయారమ్మా" అన్నావట. నా రాతప్రతులన్నీ ఆవిడ దస్తూరీలోనే నీ దగ్గరికి వచ్చేవి కదా. ఆవిడ భయపడిపోయి చించెయ్యమందట. నువ్వు, "ఇంత బాగా రాసినదాన్ని చించితే సంపాదకుడిగా నేనెందుకు? ఒక్క వాక్యం తీసేస్తాను. అది ఉంటే వాడు తట్టుకోలేడు. మిగతాది వాడికి మంచిదే" అన్నావట. నేను అడిగితే నీ మీద వేసుకుంటానన్నావట. "నా మీదైతే ఒక నెల అలుగుతాడు. మీ మీదైతే ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండాలి కదా."

ఒక నెలట. నువ్వు నన్ను తక్కువ అంచనా వేశావురా శ్యామూ.

ఆవిడ ఆ ఏడాదే చెప్పేద్దామనుకుంది. తర్వాతి ఏడాది అనుకుంది. "అప్పటికి మీ కోపం మీకు ఉద్యోగమైపోయింది. అది తీసేస్తే మీరు ఏం చేస్తారో అని భయం వేసింది" అంది. ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్పావన్నాను. పందొమ్మిది పేజీలనాడు మాట్లాడలేకపోయింది గానీ, నిన్న ఇరవయ్యోది రాస్తానంటే పట్టలేకపోయిందట. ఆ పుస్తకం అచ్చయితే నిన్ను ఈ జన్మకి పోగొట్టుకుంటాననీ, దానికి కారణం తనేననీ.

కోపం రాలేదా అంటే వచ్చింది. ఇంకా ఉంది. నిన్న సాయంత్రమంతా, నీ మీద ఉన్నదాన్ని ఆవిడ మీదికి మార్చుకుందామని చూశాను. కుదరలేదు. అది నీ కొలతలకి కుట్టించిన కోపం, ఆవిడకి పట్టలేదు.

ఇంకో సంగతి. ఆ సమీక్షలో ఇంకో పేరా ఉంది. 'మిగతా నాలుగు వందల పేజీల్లో తెలుగు ఎంత హాయిగా నడిచిందంటే, ఇది వేరే భాషలో పుట్టిన పుస్తకమని మరిచిపోయాను. అందుకే ఈ ఒక్క మాట దగ్గర కాలు మెలికపడింది.' నువ్వు రాశావనుకుని ఇన్నేళ్ళూ దాన్ని వెటకారంగానే చదువుకున్నాను. మిగతాది చదివినప్పుడు కంటే ఆ పేరా దగ్గరే ఎక్కువ పళ్ళు నూరాను. నిన్న గట్టు మీద కూర్చుని ఆ పేరా మళ్ళీ మనసులో అనుకున్నాను. నా ప్రతి అక్షరాన్నీ రెండుసార్లు తన చేత్తో రాసిన మనిషి రాసింది. నిజంగానే రాసింది. పక్కన కూర్చుని నా బూటులోంచి రాయి దులుపుతున్న ఆవిడని, అది నిజంగా అన్నదేనా అని అడగబోయి, సీసాలో నీళ్ళు తాగాను.

ఇక నా నేరాల్లో నువ్వింకా ఎరగనిది ఒకటుంది. 1971లో నీ వ్యాస సంపుటి 'సూటిమాట' నా బల్ల మీదికి వచ్చింది. కార్డు మీద విషయం అన్నచోట సాహిత్య విమర్శ అని వెయ్యాలి. నేను ఉల్లి సాగు అని వేశాను. పదమూడేళ్ళలో దాన్ని తీసుకెళ్ళినవాడు ఒక్కడే, వ్యవసాయం చదువుకునే కుర్రాడు. రెండు రోజుల్లో తిరిగిచ్చేశాడు. రేపు సోమవారం లైబ్రరీకి వెళ్ళి నేను చేసే మొదటి పని ఆ కార్డు మార్చడం. నీకు పాఠకులు కరువవడానికి కొంతవరకు నేనే కారణం. మిగతాది నీ శైలి.

ఇవాళ పొద్దున్న హోటలావిడ ఆఫీసు గదిలోంచి ఇండియాకి ఫోన్ బుక్ చేశాను. ముప్పావుగంటకి నరసింహ గారు దొరికారు. మధ్యలో సముద్రం హోరు. పదకొండో అధ్యాయం తీసెయ్యండి అని అరిచాను.

"ఏది? శ్యామసుందరం గారిదా? పుస్తకంలో బాగున్నది అదొక్కటే కదండీ" అన్నారు.

తీసెయ్యండన్నాను.

"పేజీ నంబర్లు పడిపోయాయండీ. ముందూ వెనకా ఫారాలు అచ్చయిపోయాయి. పందొమ్మిది పేజీలు ఖాళీ వస్తాయి. అందులో ఏం పెట్టమంటారు?"

గుమ్మంలో లలిత నిలబడి ఉంది. ఏదో ఒకటి పంపుతాను, ఆగమన్నాను. ఫోన్ పెట్టేసి, ఆ పందొమ్మిది పేజీలూ ఆవిణ్ణే రాయమన్నాను. దేని గురించి అంది. నీ ఇష్టమన్నాను. నా గురించి కూడానా అంది. నా గురించి కూడానన్నాను. అలా అనడానికి కొంచెం టైము పట్టింది, కానీ అన్నాను.

ఇప్పుడు పార్కులో బెంచీ మీద కూర్చుని రాస్తోంది. ఎదురు బెంచీ మీద నేను. ఇప్పటికే మూడు కాగితాలయ్యాయి. రెండుసార్లు తనలో తను నవ్వుకుంది. చూపించమంటే మోచెయ్యి అడ్డం పెట్టింది. నాకు చూపించదట. నరసింహ గారికి పంపేముందు నీకు పంపుతుందట, నువ్వు ఒప్పుకుంటేనే అచ్చట. నవంబరులో మేం బందరు వస్తున్నాం. ఈడేపల్లిలో మీ ఇంటికి నేరుగా వస్తాను. నువ్వు తలుపు తియ్యకపోతే తీసేదాకా గుమ్మంలో కూర్చుంటాను, అప్పటికి నాకు ఉద్యోగం కూడా ఉండదు.

ఆ కాగితాలు నీకు అందితే ఒక్కటే మనవి. ఈసారి నన్ను చూసి జాలిపడకు. ఒక్క వాక్యం కూడా కొట్టెయ్యకు.

నీ
భీముడు